బహానా: ఒక జపాన్ ఆట, ఒక అసలు తారీఖ్



పోయిన వేసవి సెలవుల్లో ఆపా వాళ్ళింటికి వెళ్ళాను. పదమూడేళ్ళ మా భాంజా ఓ మూల కూర్చుని, దూల్హాభాయ్ కువైట్ నుంచి తెచ్చిన నింటెండో స్విచ్‌లో మునిగిపోయి ఉన్నాడు. వంటింట్లోంచి ఆపా గొంతు వినబడింది. "నువ్వైనా చెప్పరా వాడికి. పొద్దస్తమానం ఆ ఇనప మనుషుల జంగే!" మామూని కదా, నాలుగు నసీహత్ మాటలు చెబుదామని పక్కన చేరాను. వాడు తలెత్తకుండానే అడిగాడు.

"మామూ, ఆ ఫ్యాక్టరీని మా వాళ్ళు పేల్చలేదు. నేను చూశానుగా. అయినా అందరూ మమ్మల్నే అంటున్నారేంటి?"

ఇరవై ఏళ్ళుగా బడిలో సోషల్ చెబుతున్నవాణ్ణి. ఇంత మంచి ప్రశ్న ఏ పిల్లవాడూ నన్ను అడగలేదు. నసీహత్ గొంతులోనే ఆగిపోయింది. "మొదటి నుంచి చూపించు" అన్నాను.

ఆ ఆట పేరు ఫ్రంట్ మిషన్. 1995 ఫిబ్రవరి 23న జపాన్‌లో సూపర్ ఫామికామ్ కోసం వచ్చింది. జీ-క్రాఫ్ట్ అనే సంస్థ తయారు చేస్తే స్క్వేర్ కంపెనీ విడుదల చేసింది. దాని వెనకున్న ముఖ్యమైన మనిషి తోషిరో త్సుచిదా. పాత్రల బొమ్మలు గీసింది యోషితాకా అమానో. పన్నెండేళ్ళ పాటు అది జపాన్ భాషలోనే ఉండిపోయింది. 2007లో నింటెండో డీఎస్ మీద మొదటిసారి ఇంగ్లీషులో వచ్చింది. మా వాడి చేతిలో ఉన్నది 2022లో కొత్త హంగులతో మళ్ళీ చేసినది.

ఇది వేళ్ళ వేగంతో గెలిచే ఆట కాదు. షత్రంజ్ లాంటిది. నేలంతా గళ్ళు. ఒక వంతు మనది, ఒక వంతు దుష్మన్‌ది. పావుల బదులు వాంజర్లు, అంటే లోపల సిపాయి కూర్చుని నడిపే భారీ మరయంత్రాలు. ఒక్కో వాంజర్‌కి ఒళ్ళు, రెండు చేతులు, కాళ్ళు ఉంటాయి. దెబ్బ ఏ భాగానికి తగిలితే ఆ భాగమే అరుగుతుంది. చెయ్యి పోతే ఆ చేతిలోని తుపాకి పోయినట్టే. కాళ్ళు పోతే నడక కుంటుపడుతుంది. ఒళ్ళు పోతే ఖతం. లడాయికీ లడాయికీ మధ్య దుకాణానికెళ్ళి విడిభాగాలు కొని అమర్చుకోవాలి. వాటిలో కంప్యూటర్ కూడా ఒకటి. ఈ కంప్యూటర్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

కథ 2090లో జరుగుతుంది. పసిఫిక్ సముద్రంలో హఫ్‌మన్ అనే కల్పిత దీవి. ఒక పక్క ఓసీయూ, అంటే జపాన్, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా కలిసిన కూటమి. ఇంకో పక్క ఉత్తర, దక్షిణ అమెరికాలు కలిసిన కూటమి. అప్పటికే ఒకసారి కొట్టుకుని సుల్హ్ చేసుకున్నవాళ్ళు. రాయిడ్ క్లైవ్ అనే ఓసీయూ కెప్టెన్, సరిహద్దు అవతల లార్కస్‌లో ఉన్న ఆయుధ కర్మాగారాన్ని రహస్యంగా చూసి రావడానికి తన దళంతో వెళతాడు. దళంలో అతని మంగేతర్ కరెన్ కూడా ఉంది. అక్కడ డ్రిస్కల్ అనే అవతలి పక్క అధికారి ఎదురుపడతాడు. కరెన్ అతని చేతికి చిక్కుతుంది. ఆ తర్వాత కర్మాగారాన్ని డ్రిస్కలే పేల్చేస్తాడు. ఇల్జామ్ రాయిడ్ దళం మీద పడుతుంది. జంగ్ మళ్ళీ మొదలవుతుంది. ఫౌజ్‌లో కొలువు పోగొట్టుకున్న రాయిడ్, కరెన్ జాడ కోసం ఒక కిరాయి దళంలో చేరతాడు.

"తమ ఫ్యాక్టరీని తామే ఎవరైనా పేల్చుకుంటారా మామూ? కథ కాబట్టి సరిపోయింది" అన్నాడు వాడు.

"కథ కాదు బేటా. జపాన్ తారీఖ్‌లోనే ఇలాంటిది జరిగింది" అన్నాను.

తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. 1931 సెప్టెంబర్ 18 రెండు అర్థాల్లోనూ తారీఖే. ఆ రాత్రి ఈశాన్య చైనాలో, ఇప్పుడు షెన్యాంగ్ అంటున్న ముక్డెన్ నగరం దగ్గర, రైలు పట్టాల పక్కన పేలుడు జరిగింది. ఆ రైలు మార్గం జపాన్ వాళ్ళది. దానికి కాపలా జపాన్ వాళ్ళ క్వాంటుంగ్ సైన్యం. మందు పెట్టిందీ ఆ సైన్యం మనుషులే. పథకం వేసినవాళ్ళలో ముఖ్యులు ఇతగాకి, ఇషివారా అనే ఇద్దరు అధికారులు. పేలుడు ఎంత చిన్నదంటే, కాసేపటికే ఒక రైలు అదే పట్టాల మీదుగా క్షేమంగా ముక్డెన్ చేరింది. వాళ్ళకు కావలసిందల్లా ఒక బహానా. చైనా వాళ్ళే పేల్చారని చెప్పి, మర్నాటికల్లా నగరాన్ని పట్టేసుకున్నారు. కొద్ది నెలల్లో మంచూరియా అంతా వాళ్ళ కబ్జాలోకి వచ్చింది. 1932 మార్చిలో మంచుకువో అని ఒక కీలుబొమ్మ హుకూమత్‌ని నిలబెట్టారు. నానాజాతి సమితి తహ్ఖీఖ్ కోసం లిట్టన్ కమిషన్ని పంపింది. ఆ రాత్రి జపాన్ సైన్యం చేసినదాన్ని ఆత్మరక్షణగా ఒప్పుకోలేమని కమిషన్ రాసింది. 1933లో జపాన్ సమితినే వదిలేసి బయటికి నడిచింది.

ఆట చేసినవాళ్ళు ముక్డెన్‌ని మనసులో పెట్టుకునే చేశారని నేను దావా చేయను. ఆటలో ఆ పేరు లేదు. కానీ ఆ తారీఖ్ ఉన్న దేశంలో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరంలో, ఒక బహానాతో మొదలయ్యే జంగ్ కథ పిల్లల చేతికి అందింది. ఆ ఏడాది ఆగస్టు 15నే ప్రధాని మురయామా, జపాన్ దురాక్రమణకు మాఫీ కోరాడు.

ఇక కంప్యూటర్ సంగతి. ఆట ఆడాలనుకునేవాళ్ళు నన్ను మాఫ్ చేయాలి, కథలో దాచిన రాజ్ చెప్పేస్తున్నాను. రాయిడ్ వెతికిన కరెన్ చివరికి దొరకదు. ఆమె మెదడుతో ఒక పరికరం చేసి యంత్రంలో బిగించారు. వాంజర్లకు ఇంకా గొప్ప కంప్యూటర్లు చేయడానికి సిపాయిల మెదళ్ళు కావాలి. వాటి కోసమే ఆ జంగ్‌ని రాజేశారు. ఇందులో చెయ్యి ఉన్నది దుష్మన్‌కి మాత్రమే కాదు. సకాటా అనే జపాన్ కంపెనీని కూడా ఆ గుణాహ్‌లో భాగస్వామిగా చూపించారు.

ఇక్కడ నాకు మంచూరియా మళ్ళీ గుర్తొచ్చింది. హార్బిన్ దగ్గర పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యం 731వ యూనిట్ ఉండేది. దాన్ని నడిపినవాడు ఇషీ షిరో అనే డాక్టర్. ఖైదీలకు ప్లేగు లాంటి రోగాలు ఎక్కించి, కొందరిని బతికుండగానే కోసి పరీక్షలు చేశారు. కనీసం 3,000 మంది చనిపోయారని అంచనా. అక్కడి సిబ్బంది ఖైదీలను "మరుతా" అనేవారు. అంటే దుంగలు. ఇన్సాన్‌ని ఇన్సాన్ అనుకుంటే చేతులు వణుకుతాయి కాబట్టి ముందు పేరు మార్చారు. యుద్ధం అయ్యాక ఆ పరీక్షల వివరాలు అమెరికా తీసుకుని, ఇషీని విచారణ లేకుండా వదిలేసింది.

సబురో ఇయెనాగా అనే చరిత్రకారుడు ఈ యూనిట్ గురించి బడి పుస్తకంలో రాస్తే, విద్యాశాఖ తీసేయమంది. ఆయన పాఠ్యపుస్తకాల కోసం కోర్టుల చుట్టూ 1965 నుంచి 1997 దాకా తిరిగాడు. 731 యూనిట్ ప్రస్తావన తీసేయమనడం చట్టవిరుద్ధమని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లల పుస్తకంలో కొన్ని వాక్యాలు నిలబెట్టడానికి ఒక మనిషి జిందగీలో ముప్పై రెండేళ్ళు పోయాయి. బడిపంతులుగా ఆ మాట తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఎన్ని పాఠాలు "పరీక్షలో రాదు" అని దాటేశానో!

భాంజా చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు వాడికి మా నానీ సంగతి చెప్పాను. ఆమెది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నానీ అప్పుడు చిన్నపిల్ల. ఒక సందూక్, కాసిన్ని బియ్యం ఎడ్లబండి మీద వేసుకుని ఊరు వదిలారట. ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ నానీ ఒకటే మాట అడిగేది. "సముద్రం అవతలివాళ్ళకీ మనకీ ఏం దుష్మనీ ఉందని?" మా దగ్గర జవాబు ఉండేది కాదు.

జవాబు ముక్డెన్ పట్టాల దగ్గర ఉంది. 1931లో ఆ ఝూట్ చెల్లిపోయింది. మంచూరియా మింగిన సైన్యం 1937లో చైనా మొత్తం మీద పడింది. 1941 డిసెంబర్‌లో పసిఫిక్ అంతా అంటించింది. నాలుగు నెలలు తిరక్కుండా ఆ మంట మన తీరానికి, మా నానీ గడపకి వచ్చింది. ఎక్కడో రాత్రిపూట చెప్పిన ఒక అబద్ధం పదకొండేళ్ళలో అంత దూరం నడిచింది.

ఆపా చాయ్ తెచ్చి, "చెప్పావా వాడికి?" అంది.

"చెప్పాను. రోజూ ఒక గంట ఆడనివ్వు" అన్నాను. ఆపా నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

వాడు మాత్రం స్విచ్ ఆపేసి పక్కన పెట్టాడు. "మామూ, ఆ ఎడ్లబండి ఎవరు తోలారు?" అని అడిగాడు. నాకు తెలియదు. నానీ బతికుండగా నేనెప్పుడూ అడగలేదు.

దోస్తులారా, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈ ఆదివారం పిల్లల్ని వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి.