పుష్ రాడ్

అంతర్దహన యంత్రంలో క్యామ్ షాఫ్టు కదలికను రాకర్ ఆర్మ్‌కు అందించి, కవాటాన్ని (వాల్వును) తెరిపించే సన్నని కడ్డీని పుష్ రాడ్ అంటారు. కొల్లేరు ప్రాంతంలో చేపల చెరువులకు నీరు తోడే పలు డీజిల్ ఇంజన్లలో ఇది ఉంటుంది. ఇంజనును మార్చినపుడు దీని పదార్థాన్ని, పొడవును సరిచూడాలి.

పదార్థం

100 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే 200 మి.మీ. ఉక్కు కడ్డీ సుమారు 0.24 మి.మీ., అల్యూమినియం కడ్డీ సుమారు 0.46 మి.మీ. పెరుగుతాయి. పోత ఇనుము వ్యాకోచం ఉక్కుకు దగ్గరగా ఉండుటచే, పోత ఇనుప సిలిండరుకు ఉక్కు కడ్డీ అనువైనది. అల్యూమినియం తేలికైనది, కాని బలమైన స్ప్రింగుల ఒత్తిడికి త్వరగా వంగుతుంది.

పొడవు

హెడ్డు అడుగును 0.5 మి.మీ. చెక్కిస్తే క్యామ్, రాకర్‌ల మధ్య దూరం దాదాపు అంతే తగ్గుతుంది. మందమైన గాస్కెట్టు వేస్తే పెరుగుతుంది. ఈ తేడాను మొదట టాపెట్ మరతో సర్దుతారు. అది చాలనపుడు కొలిచి, తగిన పొడవు గల కొత్త కడ్డీ వేయాలి. కడ్డీ పొడవెక్కువైతే కవాటం పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తగ్గి, చివరకు కవాటం కాలిపోతుంది. పొట్టిదైతే చప్పుడు, అరుగుదల పెరుగుతాయి. గట్టిపరచిన కొనలను అరగదీసి పొడవు తగ్గించరాదు.