చక్రము తఱిగిన బండి ఎత్తు

లింగంపల్లి స్టేషనులో రైలుకొఱకు వేచియుండునపుడు నా చూపు రెండు పెట్టెల నడుమనున్న బఫరులపై నిలుచును. దీనికి కారణము మా యింటి యెడ్లబండి.

మా తండ్రిగారు కొయ్యచక్రములు తీయించి, రబ్బరు టైర్ల పొట్టి చక్రములు వేయించిరి. ఇరుసు క్రిందికి దిగెను. నొగలు ముందువైపు ఎగసి, బరువు వెనుకకు జరిగి, కాడి పైకి లేచి, మెడత్రాళ్లు ఎడ్ల గొంతులను నొక్కసాగెను. ఊరి పొలిమేర దాటకుండనే ఎడమయెద్దు నురుగులు కక్కెను. వడ్రంగి వచ్చి చూచి, ఇరుసునకును చట్టమునకును నడుమ తుమ్మదిమ్మలు వేసెను. చక్రపు వ్యాసము ఎంత తగ్గునో అందు సగమే ఇరుసు దిగునని ఆనాడే ఆయన నోట వింటిని.

రైలునకును అదే లెక్క. నిజాము సొమ్ముతో వేసిన వాడి-హైదరాబాదు ఇనుపదారి 1874లో ఈ లింగంపల్లి మీదుగా సాగినది. పెట్టెలను బాగుచేయుటకు 1893లో సికిందరాబాదు చెంత లాలాగూడలో కర్మాగారము వెలసెను. ఆ కాలపు రైలుచక్రములకు, మన కమ్మరి బండిచక్రమునకు ఇనుపకట్టు వేసినట్లే, ఉక్కుకట్టును కాల్చి తొడిగెడివారు. చల్లారగనే అది బిగిసికొనును.

చక్రము పట్టాలపై దొరలి అరుగును. అరిగినదానిని మరల తీరుగా చెక్కుదురు. చెక్కినప్పుడెల్ల అది చిన్నదగును. పెరంబూరు తరహా పెట్టెకు క్రొత్త చక్రపు వ్యాసము 915 మిల్లీమీటర్లు. 825కు తఱిగినపుడు దానిని తీసివేయుదురు. అనగా పెట్టె 45 మిల్లీమీటర్లు దిగునన్నమాట. పెద్దపట్టాల దారిలో బఫరు నడిబొడ్డు, పట్టాపై నుండి 1105కు మించరాదు, 1030కి తగ్గరాదు. ఉన్న వెసులుబాటు 75 మాత్రమే. అందులోనే జనుల బరువునకు స్ప్రింగులు క్రుంగుటయు ఇముడవలయును! ఒక పెట్టె బఫరు ఎత్తుగను, ప్రక్కదానిది పల్లముగను ఉన్నచో, గట్టిగా తాకిన వేళ ఒకటి రెండవదాని మీది కెక్కును. లోపలి ప్రాణములు ఆ నాలుగు వ్రేళ్ల భేదముపై ఆధారపడి యున్నవి.

స్ప్రింగులను బిరుసుచేసిన చాలదా యని కొందఱడుగుదురు. చాలదు, ఎత్తు వచ్చును గాని కుదుపు పెరుగును. స్ప్రింగును ముట్టక, దాని పీఠము క్రింద కంకణము వేయుదురు. వ్యాసము 26 తగ్గినచో కంకణపు మందము 13. మా వడ్రంగి లెక్కయే! ఈ ఎత్తు రెండు ప్రక్కలను సమముగా నుండవలయును. ఒక కోడు పొట్టిదైన మంచముపై నిద్ర యెట్లుండునో మీరెఱుగుదురు. ఒకే యిరుసుపై చెక్కిన రెండు చక్రముల వ్యాసములకు అర మిల్లీమీటరును మించి భేదము పనికిరాదు.

క్రొత్త చక్రము వేసిననాడు పాత కంకణమును తీసివేయవలయును. మఱచినచో పెట్టె మితిమీరి ఎత్తెక్కి, మరల ఆ ప్రమాదమే. మా బండికి కొయ్యచక్రములు తిరిగి వేయలేదు గనుక, ఆ తుమ్మదిమ్మలు ఇరుసుమీదనే యుండిపోయినవి.