గర్భస్రావానంతర ఋతుక్రమము

పిండము తల్లి కడుపు వెలుపల బ్రతుకగల దశకు చేరకముందే గర్భము నశించుటను వైద్యులు గర్భస్రావమందురు. ఇంటివారు ‘కడుపు పోయినది’ అందురు. తెలియవచ్చిన గర్భములలో నూటికి 10 మొదలు 20 వరకు ఇట్లే ముగియుచున్నను, అటుపిమ్మట ఆ స్త్రీ శరీరమున జరుగు మార్పులను గూర్చి ఆమెకు ఓపికతో వివరించువారు అరుదు.

గర్భము నిలిచిన తోడనే, మావిగా పరిణమింపనున్న కణజాలము హెచ్.సి.జి. అను హార్మోనును స్రవించును. అది అండాశయములోని కార్పస్ లూటియమును పోషించి, ప్రొజెస్టిరోన్ తగ్గకుండ చూచి, గర్భాశయపు లోపలి పొర రాలిపోకుండ నిలుపును. ఆ కాలమున క్రొత్త అండము పక్వము కాదు. గర్భము పోయిన దినముననే ఈ హార్మోను రక్తమునుండి మాయము కాదు. గర్భము ఎన్ని వారములు పెరిగినది, లోపల కణజాలమేమైన మిగిలినదా అను దానినిబట్టి అది పూర్తిగ తొలగుటకు కొలది దినములు మొదలు ఆరు వారముల వరకు పట్టవచ్చును. అంతవరకు మూత్రపరీక్షలో గర్భసూచకమైన గీత కనబడుచునే యుండవచ్చును. అండోత్సర్గమును తెలుపు ఇంటి పరీక్షలు ఎల్.హెచ్. అను హార్మోనును పట్టునవి, హెచ్.సి.జి. నిర్మాణమున దానిని మిక్కిలి పోలియుండుటచే అవియు ఈ వారములలో నమ్మదగినవి కావు. బిడ్డకై పరితపించు స్త్రీని ఈ గీత వృథాగ ఆశపెట్టకుండ, వైద్యుడు ముందుగనే ఈ సంగతి చెప్పవలెను.

హార్మోను తగ్గినకొలది అండాశయము మేల్కొనును. కొందరిలో రెండు వారములకే అండము విడుదలయగును. ముట్టు మాత్రము సాధారణముగ నాలుగు మొదలు ఆరు వారములకు, ఒక్కొక్కప్పుడు ఎనిమిది వారములకు వచ్చును. జపాను దేశమున ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అను వైద్యులు 1920ల దశకమున వేర్వేరుగ నిరూపించినట్లు, అండోత్సర్గము రాబోవు ముట్టునకు సుమారు 14 దినములు ముందు జరుగును. కావున ‘ఇంకను ముట్టు రాలేదు, గర్భము రాదు’ అను నమ్మకము సరికాదు. ముట్టు చూడకయే మరల గర్భవతులైనవారు కలరు. ఒగినో, క్నాస్ పేరిట వెలసిన దినగణన పద్ధతి గడచిన నెలల క్రమముపై ఆధారపడినది. క్రమమే తెగిన ఈ సమయమున అది పనికిరాదు.

మొదటి ఋతువు అండము లేకయే రావచ్చును; స్రావము హెచ్చుగనో, స్వల్పముగనో ఉండవచ్చును. ఒకటి రెండు నెలల ఈ అస్థిరత వ్యాధి కాదు. థైరాయిడ్ లోపము, పి.సి.ఓ.ఎస్. వంటివి పూర్వమే యున్నచో పాత అక్రమత మరల కనబడును. ఎనిమిది వారములు దాటినను ముట్టు రానిచో పరీక్ష అవసరము: క్రొత్త గర్భమో, మిగిలిన కణజాలమో, 1948లో ఆషెర్మన్ అను వైద్యుడు విశదముగ వర్ణించినట్లు లోపల గీకి శుభ్రపరచిన పిమ్మట గర్భాశయపు గోడలు అతుకుకొనుటయో కారణము కావచ్చును. పోయినది ముత్యాలగర్భము (మోలార్ గర్భము) అయినచో హెచ్.సి.జి. పూర్తిగ తగ్గి, పర్యవేక్షణ ముగియువరకు మరల గర్భము ధరింపరాదు. గంటకు రెండేసి ప్యాడ్లు తడిసిపోవుచున్నను, జ్వరమో దుర్వాసనతో కూడిన స్రావమో కలిగినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మరల గర్భము ధరించుటకు ఆరు నెలలు ఆగుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున 2005లో జరిగిన సంప్రదింపు సూచించినది. 2010లో ప్రకటింపబడిన స్కాట్లండు పరిశీలన, ఆరు నెలలలోపే గర్భము ధరించినవారికి ఫలితము చెడక, మేలుగనే యుండెనని చూపినది. వైద్యకారణమేదియు లేనిచో ఎప్పుడు సిద్ధము కావలెనో దంపతులే నిశ్చయించుకొనవలెను గాని పెద్దల ఒత్తిడిపై కాదు.

మొదటి మూడు మాసములలో జరుగు గర్భస్రావములలో సుమారు సగమునకు పిండపు క్రోమోజోముల లోపమే కారణము. బొప్పాయి తిన్నదనియు, బిందె మోసినదనియు కోడలిని నిందించు ఇండ్లలో ఈ మాట గట్టిగ చెప్పవలసియున్నది. ఆమెకు విశ్రాంతియు హక్కే. 1961 నాటి మాతృత్వ ప్రయోజన చట్టము గర్భస్రావమైన అర్హురాలగు ఉద్యోగినికి ఆరు వారముల వేతనసహిత సెలవు ఇచ్చినది.