ఒక్క బిట్టు తప్పింది

పెద్ద సర్వర్ కూలిందంటే కారణమూ పెద్దదే అయి ఉంటుందని అనుకుంటాం. 2000 ప్రాంతంలో సన్ మైక్రోసిస్టమ్స్ సర్వర్లు కూలింది మాత్రం క్యాష్‌లో ఒక్క బిట్టు తిరగబడి. సున్నా ఉండాల్సిన చోట ఒకటి. అంతే. పది లక్షల డాలర్ల పైమాటే పలికే యంత్రం ఉన్నట్టుండి చతికిలబడేది. రీబూట్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. మళ్లీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

సన్ అంటే అప్పట్లో ఏమిటో ఇప్పటి కుర్రాళ్లకు కాస్త చెప్పాలి. వినోద్ ఖోస్లా, స్కాట్ మెక్‌నీలీ, ఆండీ బెక్టల్‌షైమ్, బిల్ జాయ్ కలిసి 1982లో పెట్టిన కంపెనీ అది. 1995లో జావాను లోకానికి ఇచ్చింది. 1999కల్లా ‘డాట్‌కామ్‌లో ఆ చుక్క మేమే’ అని ప్రకటనలు గుప్పించింది. అతిశయమే గానీ అబద్ధం కాదు. పెట్టుబడి చేతిలో పడ్డ స్టార్టప్పులు ముందుగా కొన్న వాటిలో సన్ సర్వర్ ఒకటి. ఇక్కడ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని జావా సర్టిఫికెట్ పరీక్ష ఎస్‌సీజేపీ పాసైన కుర్రాడికి అమెరికా ప్రయాణం సగం ఖాయమైనట్టే ఉండేది. ఆ సర్టిఫికెట్‌లో మొదటి అక్షరం సన్‌ది.

ఇంతకీ ఆ బిట్టు సంగతి. అల్ట్రాస్పార్క్-2 ప్రాసెసర్‌కు చిప్ బయట 8 మెగాబైట్ల దాకా క్యాష్ ఉండేది. ప్రతిదానికీ మెయిన్ మెమరీ దాకా వెళ్లిరావడం ఆలస్యం కాబట్టి, పదే పదే కావలసిన డేటాను అందులో ఉంచుకునేవారు. మెయిన్ మెమరీకి ఈసీసీ రక్షణ ఉండేది, అంటే ఒక బిట్టు తప్పితే అదే దిద్దుకునేది. ఈ క్యాష్‌కు మాత్రం ఉన్నది ఉత్త ప్యారిటీ. సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకునే కొట్టుయజమానికి తేడా వచ్చిందని తెలుస్తుంది గానీ, ఏ బేరంలో వచ్చిందో తెలియదు కదా, ప్యారిటీ పనీ అంతే. తప్పుందని తెలిశాక తప్పుడు డేటాతో ముందుకు వెళ్లడం కంటే ఆగిపోవడమే మేలని సన్ ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్ ప్యానిక్ అయ్యేది. ఆపరేటింగ్ సిస్టమ్ చేసింది సబబే. ఆ చిన్న క్యాష్‌కు కూడా ఈసీసీ పెట్టకపోవడమే పొరపాటు.

అయితే ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పొరపాటు కాదు, దాని చుట్టూ అల్లిన మౌనం. గదిలో వేడి ఎక్కువైందనీ, తేమ సరిగా లేదనీ కస్టమర్లకు చెప్పుకొచ్చారు. సమస్య గురించి బయట మాట్లాడబోమని కొందరి చేత సంతకాలు పెట్టించుకున్నారు. 2000 నవంబరులో ఫోర్బ్స్ పత్రిక ఆ గుట్టు విప్పింది. ఆ తర్వాత మరమ్మతులు గట్టిగానే చేశారు. క్యాష్‌లో డేటా ఎక్కువసేపు నిలవుండకుండా తుడుస్తూ తిరిగే స్క్రబ్బర్‌ను సోలారిస్‌లో పెట్టారు. ప్రతి బైటుకూ రెండు కాపీలు ఉంచే కొత్త క్యాష్ మాడ్యూళ్లు తెచ్చారు. మిషన్ మంచిదైంది గానీ మాట పోయింది.

అదే సమయంలో డాట్‌కామ్ బుడగ పేలింది. మూతపడ్డ కంపెనీల సన్ సర్వర్లు వేలానికి వచ్చి, సన్ కొత్త సర్వర్లకే పోటీ అయ్యాయి. 2000 సెప్టెంబరులో 60 డాలర్లు దాటిన షేరు 2002 శరత్కాలానికి 5 డాలర్ల కిందికి జారింది.

అసలు దెబ్బ ఇంటిలోంచే, జావా నుంచే వచ్చింది. జావా ప్రోగ్రాములు నడిపే సన్ అప్లికేషన్ సర్వర్ ఐప్లానెట్‌గా మొదలై, సన్ వన్ అయి, తర్వాత సన్ జావా సిస్టమ్ అయింది (దాన్ని ట్యూన్ చేయడం కంటే పేరు గుర్తుపెట్టుకోవడమే కష్టం). హీప్ (జావా వాడుకునే మెమరీ) కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు రెండూ ఒకటే పెట్టండి, అందులో కొత్త ఆబ్జెక్టులుండే యంగ్ జనరేషన్‌కు చోటు సరిచూడండి, ఫుల్ జీసీ (వాడని మెమరీ ఏరివేత) ఎన్ని సెకన్లు పడుతోందో లాగ్‌లో చూడండి, మారని పేజీలను ఫైల్ క్యాష్‌లో ఉంచండి. ఈ విద్యంతా లోకానికి నేర్పినవాళ్లలో సన్ ఇంజనీర్లు ముందున్నారు. 32 బిట్ల జావా ప్రాసెస్‌కు విండోస్‌లో ఒకటిన్నర గిగాబైట్ల హీప్ దొరకడమే గగనం. 64 బిట్ల సోలారిస్ మీద నాలుగు గిగాబైట్లకు దగ్గరగా వెళ్లొచ్చు. ఆ తేడా చూపించే ఖరీదైన పెట్టెలు అమ్ముకోగలిగారు.

2003లో ఏఎండీ ఆప్టెరాన్ వచ్చింది. చవక లైనక్స్ పెట్టె మీద కూడా 64 బిట్లు, కావలసినంత హీప్. జావా ఎక్కడైనా నడుస్తుందని ఊరూరా చాటింది సన్నే, కాబట్టి కస్టమర్ అదే కోడ్‌ను, అదే హీప్ సెట్టింగులతో తీసుకెళ్లి అక్కడ నడుపుకున్నాడు. బాగా ట్యూన్ చేసిన ప్రతి అప్లికేషనూ సన్‌కు ఒక అమ్మకం తగ్గించింది. అదే ఏడు బ్లాగుల సైటు లైవ్‌జర్నల్ కోసం బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మెమ్‌క్యాష్‌డ్ రాశాడు. అనేక చిన్న యంత్రాల ర్యామ్‌ను కలిపి ఒకే క్యాష్‌గా వాడుకునే పద్ధతి అది. ఒక పెట్టె పడిపోతే అందులోని డేటాను డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చుకుంటారు, ఎవరూ ప్యానిక్ అవ్వరు. 2008 చివరికి ఫేస్‌బుక్ 800కు పైగా సర్వర్లలో 28 టెరాబైట్ల మెమ్‌క్యాష్‌డ్ నడుపుతోంది. ఒక్క బిట్టు కూడా తప్పకూడదని సన్ ప్రాకులాడిన చోట, పెట్టెకు పెట్టే పోయినా ఫర్వాలేదనే కాలం వచ్చింది.

2007లో సన్ తన షేర్ గుర్తును జావా అని మార్చుకుంది. డబ్బు తెచ్చే యంత్రాన్ని వదిలి, ఉచితంగా పంచిన భాష పేరు తగిలించుకోవడం నాకైతే దిక్కుతోచనితనంలాగే కనిపించింది. 2009 ఏప్రిల్‌లో ఐబీఎంతో బేరం చెడింది. ఆ నెలలోనే ఒరాకిల్ 740 కోట్ల డాలర్లకు కొంటానంది. 2010 జనవరిలో కొనుగోలు పూర్తయింది. 2011లో మెన్లో పార్క్‌లోని సన్ ప్రాంగణంలోకి ఫేస్‌బుక్ దిగింది. 2013లో సన్ అప్లికేషన్ సర్వర్ చివరి అవతారమైన గ్లాస్‌ఫిష్‌కు వాణిజ్య సపోర్ట్ ఇక ఉండదని ఒరాకిల్ ప్రకటించింది. 2017లో స్పార్క్, సోలారిస్ బృందాల్లో చాలామందిని ఇంటికి పంపింది. ఎస్‌సీజేపీ ఓసీజేపీ అయింది.

సన్ కాలంనాటి పర్మ్‌జెన్ 2014లో జావా 8తో పోయింది. అప్లికేషన్‌ను నాలుగైదుసార్లు రీడిప్లాయ్ చేస్తే పాత క్లాసులు వదలక నిండిపోయి అర్ధరాత్రి ఫోన్లు మోగించిన మెమరీ భాగం అది. దాని గరిష్ఠ పరిమితి రాసిన లైను ఇప్పటికీ ఎన్నో పాత స్టార్టప్ స్క్రిప్టుల్లో ఉంది. జావా 8 ఆ లైను చూసి, దీన్ని పట్టించుకోవడం లేదని హెచ్చరించి సర్వర్‌ను లేపేది. జావా 17కు మార్చినవాళ్లు దాన్ని తీసేయక తప్పదు. ఆ లైనుంటే సర్వర్ లేవదు.