డీజే సైరన్ కంటే ముందు మన ఊరి పొలిమేరలో ఏం మోగేది?



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. మేము అంటే మా హాస్టల్ రూంలో ఉండే నలుగురం. ఇద్దరం గోండులం, ఒకరు పర్ధాన్, ఒకరు కొలాం. మా నాలుగు ఇండ్లల్లో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు ఎవరూ లేరు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని చదువుకుంటున్నం. ఈసారి మాత్రం ఒక పెళ్ళిలో వచ్చిన గొడవ మమ్మల్ని చరిత్ర వెతికేలా చేసింది.

పోయిన ఎండాకాలం మాలో ఒకరి అన్న పెళ్ళి. మేమందరం పోయినం. డీజే వ్యాన్ పొద్దుగూకకముందే వచ్చింది. డీజే ఎట్ల మొదలుపెడతడో మీ అందరికీ తెలుసు. ముందు జనరేటర్ స్టార్ట్. తర్వాత "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ". ఒక దేవుడి పాట. దాని తర్వాత సైరన్, హారన్, డీజే పేరు నాలుగుసార్లు ప్రతిధ్వనించే రికార్డు గొంతు. అప్పుడు గుండెల్లో దడపుట్టే బేస్. చివరికి చేతిలో పెట్టిన చిట్టీ చూసి "పెళ్ళికొడుకు బావగారికి వెల్‌కమ్, మామగారికి వెల్‌కమ్". పిల్లలు అప్పటికే దుమ్ము లేపుతున్నరు. మేం కూడా ఎగిరినం, అబద్ధం ఎందుకు.

అదే టైంకి పెళ్ళికూతురి వైపు చుట్టాలు ఊరి బయట చింతచెట్టు కింద దిగిన్రు. వాయిద్యాలతో ఎవరన్నా ఎదురొచ్చి తీసుకపోతరని అక్కడే కూర్చున్నరు. ఇక్కడ మావాళ్ళేమో, వచ్చినోళ్ళు డీజే సప్పుడు విని నడుచుకుంట వస్తరులే అనుకున్నరు. అర్ధగంట దాటింది. ఫోన్ చేస్తే ఆ సప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆఖరికి వాళ్ళలో ఒక ముసలాయన కర్ర పట్టుకొని పందిట్లోకి వచ్చి ఒక్కటే మాట అడిగిండు: "మేం పిలువని పేరంటానికి వచ్చినమా?"

పందిరి మొత్తం సల్లబడిపోయింది. పటేల్, దేవారి ఇద్దరూ పోయి చేతులు పట్టుకొని బతిమాలితే గానీ వాళ్ళు లేవలేదు. ఆ సమయంలో మా పర్ధాన్ దోస్తు వాళ్ళ తాత గోడవారన కూర్చొని ఉన్నడు. గుడ్డలో చుట్టిన కిక్రి ఒళ్ళోనే ఉంది. ఎవరూ దాన్ని విప్పమని అడగలేదు. ఆ రాత్రి మేం నిద్రపోకుండా అదే మాట్లాడుకున్నం. చుట్టాన్ని పిలిచే పని తాత చేతిలో నుంచి డీజే చేతిలోకి ఎప్పుడు పోయింది? అసలు ఈ డీజే ఎక్కడ పుట్టింది?

హాస్టల్‌కి తిరిగి వచ్చినంక లైబ్రరీలో, ఫోన్‌లో వెతికినం. దొరికింది చూసి మాకే ఆశ్చర్యం అయింది.

డీజే కథ జమైకా ద్వీపంలో, కింగ్‌స్టన్ నగరంలోని పేదల వాడల్లో మొదలైంది. 1940ల చివర, 1950లలో అక్కడ బ్యాండు మేళాన్ని పిలిపించుకునే స్థోమత, పెద్దోళ్ళ డాన్సు హాళ్ళలోకి టికెట్ కొనే స్థోమత పేదలకు లేదు. అందుకని కొందరు పెద్ద పెద్ద స్పీకర్ డబ్బాలు, ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయర్ బండి మీద వేసుకొని వాడవాడకూ పోయి పాటలు వేయడం మొదలుపెట్టారు. దాన్నే సౌండ్ సిస్టం అన్నారు. టామ్ ది గ్రేట్ సెబాస్టియన్, డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ అప్పట్లో పేరుమోసిన సౌండ్ సిస్టంలు నడిపినోళ్ళు. ఎవరి డబ్బా గట్టిగా మోగితే జనం అటు పోయేవాళ్ళు. ఇప్పుడు మన జాతరల్లో రెండు డీజేలు ఎదురెదురుగా పెట్టి పోటీ పడటం కూడా అటువంటిదే.

అయితే రికార్డు వేసి ఊరుకుంటే జనం నిలబడరు. అక్కడ మైకు పట్టుకున్న కౌంట్ మచూకీ అనే ఆయన పాటకు ముందు, పాట మధ్యలో ప్రాసలు కట్టి మాట్లాడేవాడు, వచ్చినోళ్ళను పలకరించేవాడు, నవ్వించేవాడు. దాన్ని టోస్టింగ్ అన్నారు. జమైకాలో ఇప్పటికీ డీజే అంటే మైకులో మాట్లాడే మనిషి. పాటలు ఎంచి వేసే మనిషిని సెలెక్టర్ అంటారు. అంటే అక్కడ మనిషి గొంతుకే పెద్దపీట. మన పెళ్ళిలో మోగిన ఆ సైరన్, హారన్ కూడా అక్కడి సౌండ్ సిస్టం అలవాట్లే, ఊళ్ళు దాటి సముద్రాలు దాటి మన దాకా వచ్చినయి.

ఆ ద్వీపం నుంచి క్లైవ్ క్యాంప్‌బెల్ అనే పిల్లవాడు 1967లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి వలస పోయాడు. తర్వాత అందరూ ఆయన్ని కూల్ హెర్క్ అన్నారు. 1973 ఆగస్టు 11న ఆయన చెల్లెలు సిండీ, వాళ్ళుండే బిల్డింగులోని కామన్ హాల్‌లో ఒక పార్టీ పెట్టింది. ఎందుకో తెలుసా? బడి తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. పిలుపు కార్డులు చేత్తో రాసుకున్నారు. అన్న పాటలు వేశాడు. దోస్తు కోక్ లా రాక్ మైకు పట్టుకొని వచ్చిన దోస్తుల పేర్లు పెట్టి అరిచి పిలిచాడు. హిప్‌హాప్ పుట్టిన రోజుగా ఇప్పుడు లోకమంతా చెప్పుకునేది ఆ రోజునే. స్కూలు బట్టల కోసం పెట్టిన పార్టీ! హాస్టల్ పిల్లలకు దీనికంటే దగ్గరి కథ ఇంకేం ఉంటది?

ఇది చదివినంక డీజే మీద కోపం సగం తగ్గింది. అది పెద్దోళ్ళు మన మీద రుద్దింది కాదు. లేనోళ్ళు లేనోళ్ళ కోసం కట్టుకున్న ఆటపాట. అందులో మొదటి పని వచ్చినోణ్ణి పేరు పెట్టి పిలవడం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆ పని మన దగ్గర ఎవరు చేసేవాళ్ళు?

గోండు ఇండ్లకు పర్ధాన్లు, తోటీలు తరతరాల కథకులు. మూడు తీగల కిక్రిని కమానుతో మీటుతూ వంశాల కథ, పేన్ల కథ పాడతారు. ఏ ఇంటోళ్ళు ఏ సగా, నాలుగు దేవుళ్ళా, ఐదా, ఆరా, ఏడా, ఎవరికి ఎవరితో వియ్యం కలుస్తది, ఇదంతా వాళ్ళ నోటిలో ఉండేది. అందుకే పెళ్ళికైనా చావుకైనా పర్ధాన్ లేనిది పని సాగేది కాదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాత నిజాం సర్కారు పిలిపిస్తే వచ్చిన హైమన్‌డార్ఫ్, మార్లవాయిలో ఉండి మన గురించి రాసిన పుస్తకం 1948లో అచ్చయింది. అందులో ఉన్న మన పురాణాలలో చాలా భాగం పర్ధాన్ల నోటి నుంచి విన్నవే. అంటే మన లైబ్రరీ ఒక మనిషి గొంతులో ఉండేది. ఆ గొంతు చుట్టాన్ని పలకరించిందంటే వాళ్ళ వంశం మొత్తాన్నీ పలకరించినట్టు.

ఊరు ఊరిని పిలుచుకోవడం చూడాలంటే దండారి చూడాలి. దీపావళి రోజుల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని, తుడుం, పర్ర, గుమేల, పెప్రె, కాలికోం మోగిస్తూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చుట్టాలై పోతారు. వచ్చే ఊరి వాయిద్యం దూరం నుంచి వినపడగానే ఉండే ఊరివాళ్ళు తమ వాయిద్యాలతో ఎదురుపోతారు. ఒక మోతకు ఇంకో మోత జవాబు. తర్వాత కాళ్ళకు నీళ్ళు, కూర్చోవడానికి చాప, అన్నం. కోలబోడితో పండుగ ముగిసేలోపు ఎన్నో వియ్యాలకు మాట కూడా అక్కడే పడుతుంది. చింతచెట్టు కింద కూర్చున్న ఆ ముసలాయన ఎదురుచూసింది ఆ జవాబు కోసమే అని మాకు అప్పుడు అర్థమైంది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో భేటింగ్ కూడా ఇలాంటిదే. మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్ల బట్టలతో పోయి నాగోబాకు పరిచయం కావాలి. అప్పుడే ఆ వంశంలో కలిసినట్టు లెక్క. కొత్తగా వచ్చిన మనిషిని ఎవరో ఒకరు తీసుకపోయి "ఈమె ఫలానా" అని చెప్పడం, అదే అసలు స్వాగతం.

భద్రాచలం వైపు కోయ అన్నలు, అక్కలు అడగొచ్చు, మా సంగతేంటని. మీ డోలీల పని కూడా ఇదే కదా. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ కథను, కోయ వంశాల కథలను డోలు మీద పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకు ముందు ఏడు 2021లో మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. అరకు వైపు థింసాలో మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు. పేర్లు వేరు, పని ఒకటే.

మరి మధ్యలో ఏం జరిగింది? డీజే ఒక్క రోజులో రాలేదు. ముందు మైకు సెట్ వచ్చింది. చెట్టుకు కట్టిన పొడుగు హారన్, కింద అహూజా ఆంప్లిఫయర్, దాని మీద తిరిగే రికార్డు, తర్వాత క్యాసెట్. మా అమ్మనాన్నల పెళ్ళిళ్ళలో అదే గొప్ప. మైకు మోగితే పక్క ఊరికి కూడా పెళ్ళి ఉందని తెలిసేది. కానీ అప్పుడు డోలు కూడా ఉండేది. పాట ఆపి డోలు, డోలు ఆగినంక పాట. తర్వాత సీడీ వచ్చింది, పెన్‌డ్రైవ్ వచ్చింది, డబ్బాలు మనిషి ఎత్తు అయినయి. ఆ సప్పుడు పక్కన కిక్రి వినపడదు. వినపడని వాయిద్యాన్ని ఎవరు పిలుస్తరు? పిలవకపోతే ఆ ఇంటి పిల్లలు ఎందుకు నేర్చుకుంటరు? మా దోస్తు సిగ్గుపడుకుంట ఒప్పుకున్నడు: తాత దగ్గర కిక్రి పట్టుకోవడం కూడా తనకు రాదు.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. డీజేకు అడ్వాన్సు ముందే ఇస్తం, బేరం కూడా ఆడం. తాతకు మాత్రం "తిని పో" అంటం. ఒకప్పుడు పెళ్ళికి ధాన్యం, బట్టలు, పశువులు ఇచ్చి గౌరవించిన సంబంధం అది.

డీజే నడిపేది కూడా మన పిల్లలే. ఆ రోజు వచ్చిన తమ్ముడు ఇంటర్ మధ్యలో ఆపి, అప్పు చేసి డబ్బాలు కొన్నడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడికి చిట్టీలో రాసిచ్చింది మనమే. చిట్టీలో పేర్లు రాసినం గానీ ఏ సగా వాళ్ళో, ఏ దారిన వస్తున్నరో ఎవరు చెప్పిన్రు?

అందుకని మా దోస్తు చెల్లె పెళ్ళికి ముందే పటేల్‌తో, తాతతో, ఆ డీజే తమ్ముడితో కూర్చొని మాట్లాడినం. చుట్టాలు పొలిమేరకు వచ్చినప్పుడు డబ్బాలు బంద్. తుడుం, పెప్రెతో ఎదురు పోవాలి. పందిట్లోకి వచ్చినంక తాత పలకరింపు. తర్వాతే డీజే. రాత్రి 10 దాటితే సౌండ్ ఆపాలనేది ఎట్లాగూ 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, అది కూడా పాటిద్దాం అనుకున్నం.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. తాతకు మైకు పెడితే కీచుమని అరిచింది. రెండుసార్లు చూసి ఆయనే "దీన్ని తీసెయ్ బిడ్డా" అన్నడు. వెనక ఉన్నోళ్ళకు కిక్రి సరిగా వినపడలేదు. కుర్రోళ్ళు కొందరు "ఇంకెంతసేపు" అని గొణిగిన్రు. కానీ ముందు వరుసలో కూర్చున్న చుట్టాల ముసలవ్వ, తాత వాళ్ళ వంశం పేరు ఎత్తగానే తల ఎత్తి చూసింది. తన పుట్టింటి పేరు కూడా కలిపి పాడమని అడిగింది. ఆయన పాడిండు. డీజే తమ్ముడు జనరేటర్ పక్కన నిలబడి అంతా విన్నడు. తన వంతు వచ్చినప్పుడు సైరన్ వేయలేదు. చిట్టీ కూడా చూడలేదు. తాత చెప్పిన వరుసలోనే పేర్లు గోండిలో పిలిచిండు. రెండు పేర్లు తప్పు పలికితే పందిట్లో అందరూ నవ్వుకుంట సరిచేసిన్రు. తర్వాత పాట పెట్టిండు, అందరం ఎగిరినం. 10 గంటలకు ఆపమంటే మాత్రం 11 అయింది, ఆ తప్పు మాది కూడా.

ఇది చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా విన్నపం ఒక్కటే. ఈ సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు మీ ఊరి పర్ధాన్, తోటి, డోలీ, డప్పు తాతల దగ్గర ఒక పూట కూర్చోండి. చుట్టాన్ని ఎట్ల పిలిచేవాళ్ళో అడిగి రాసుకోండి. రికార్డు చేయాలంటే ముందు అడగండి, వాళ్ళు ఒప్పుకున్నదే చేయండి. పొద్దంతా కూర్చోబెడితే ఆ రోజు కూలి వాళ్ళ చేతిలో పెట్టండి. మీ ఊరి డీజే తమ్ముడిని కూడా వెంట తీసుకపోండి.

మా దోస్తు ఈ దసరా సెలవుల్లో తాత దగ్గర కిక్రి నేర్చుకోవడం మొదలుపెడతా అన్నడు. పట్టుకోవడం వస్తే చాలు, ముందు అంతే అనుకున్నం.

జై ఆదివాసీ. రామ్ రామ్.