అందరిదీ ఒకే గాలి

తెలుగు పండితుడికి రేడియో తరంగాలతో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. ముప్పైమంది పిల్లలు ఒక్కసారిగా పద్యం అప్పజెబితే ఏ ఒక్కరిదీ చెవిన పడదని బడిలో చూసినవాణ్ణి గనుక, ఈ చరిత్ర నాకు ఆత్మీయమైనది.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్ సమాచారాన్ని రేడియోలో పంపే అలోహానెట్‌ను నడిపింది. కేంద్రానికి పంపేవారందరికీ మార్గం ఒక్కటే. ఎవరికి తోచినప్పుడు వారు పంపాలి. సందేశాలు ఢీకొంటే కొంత ఆగి మళ్ళీ పంపాలి. ఇందులో ఆ మార్గం గరిష్ఠంగా 18.4 శాతమే సార్థకమౌతుందని గణితం తేల్చింది. 1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలాన్ని గడులుగా విభజించి దానిని రెట్టింపు చేశాడు.

తరువాత ఈ గాలినే కంప్యూటరులో అనుకరించవలసి వచ్చింది. 1990ల చివర కార్నెగీ మెలన్ పరిశోధకులు ఎన్‌ఎస్-2 సాఫ్ట్‌వేర్‌కు నిస్తంత్రీ విభాగాన్ని చేర్చారు. ఒక పరికరం పలికితే, దూరాన్నిబట్టి బలాన్ని లెక్కగట్టి, చుట్టూ ఉన్న ప్రతి పరికరానికీ ఒక ప్రతిని అందిస్తుంది. ఒకటి అందుతుండగా మరొకటి వస్తే, మొదటిది కనీసం పది రెట్లు బలమైనదైతేనే నిలుస్తుంది. లేకుంటే రెండూ నష్టమే.

చిక్కంతా వలయంలో ఉంది. అలవాటైన నమూనాలో వినికిడి 250 మీటర్ల నిండు వలయం. డార్ట్‌మత్ పరిశోధకులు ఆరుబయట కొలిచి, నిజమైన పరిధి వలయాకారం కాదనీ, ఒకరి మాట మనకు వినబడినంత మాత్రాన మన మాట వారికి వినబడుతుందన్న హామీ లేదనీ 2004లో ప్రకటించారు. అప్పటికే ఎన్నో పరిశోధనలు ఆ వలయాన్ని నమ్ముకొని ఉన్నాయి.

లక్ష్యాన్ని చూసి లక్షణం చెప్పడం మన వ్యాకర్తల సంప్రదాయం. గాలిని కొలవకుండా గాలికి సూత్రం రాయరాదని నా అభిప్రాయం. సాంకేతికరంగంలోని మిత్రులు ఏమంటారో?