ఒక ఇంటికి ఎన్ని పొయ్యిలు

చలిదేశాల్లో అమ్మే మల్టీఫ్యూయల్ స్టవ్‌కు ఒక గొప్ప చెప్తారు: కట్టె వేసినా బొగ్గు వేసినా అదే మండిస్తుందని. నిజానికి ఆ ఇనుప పెట్టెలో ఒక రాజీ దాగి ఉంది. కట్టె తన బూడిద మీదే చక్కగా కాలుతుంది, దానికి పైనుంచి వచ్చే గాలి చాలు. బొగ్గుకు అలా కుదరదు. కింద చువ్వల జాలీ ఉండాలి, గాలి అడుగునుంచి తన్నుకు రావాలి. ఇద్దరికీ సర్దిచెప్పబోయిన పొయ్యి ఇద్దరికీ కాస్త తక్కువే చేస్తుంది. వరంగల్ ఇళ్లు ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పుకున్నాయి: అన్నిటినీ ఒకే పొయ్యిలో కాల్చే బదులు, ఏ ఇంధనానికి ఆ ఇంధనానికి తగ్గ పొయ్యిని పెట్టుకున్నాయి. ఇక్కడి వంటింటి చరిత్రను ‘కట్టె నుంచి గ్యాసుకు’ అని ఒక్క గీతలో గీసేస్తే ఈ సంగతి కనబడకుండా పోతుంది.

ఇంధనాన్ని ఇచ్చింది ఊరు, చేను, మిల్లు. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల చెరువుల కింద వరి, వరి వెంట రైసు మిల్లులు, మిల్లుల వెంట ఉనుక, అంటే వడ్ల పొట్టు. వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఉనుకే. మామూలు పొయ్యిలో దోసెడు పోస్తే మంట చచ్చిపోతుంది, ఎందుకంటే అది గాలిని చొరనివ్వదు. పొట్టు పొయ్యి పుట్టింది అందుకే. రేకు డబ్బా, అడుగున పక్కకు ఒక కన్నం, అంతే. నడిమధ్య ఒక సీసా నిలబెట్టి, కన్నంలోంచి సీసా అడుగుదాకా ఒక కర్ర దూర్చి, చుట్టూ ఉనుకనో రంపపు పొట్టునో గట్టిగా కూరతారు. తర్వాత కర్రను లాగి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీస్తారు. మిగిలిన సొరంగమే మంటకు గది, పొగకు దారి. కింద చిన్న పుల్ల అంటిస్తే లోపలి గోడ నెమ్మదిగా కాలుతూ గంటల తరబడి సెగనిస్తుంది. వదులుగా కూరితే గోడ కూలి పొగ చిమ్ముతుంది, మరీ బిగిస్తే రాజుకోదు. ఆ రెండిటి నడుమ ఎంత అన్నది చేతికి తెలియాల్సిందే. అయితే ఒకసారి అంటుకున్నాక దాన్ని తగ్గించడం అయ్యే పని కాదు. కనుక పప్పుకు, నీళ్లకు అది బాగు, రొట్టెలకు కాదు. రొట్టెలకు కందికట్టె, పత్తికట్టె కావాలి. చురుగ్గా మండుతాయి, కట్టెను జానెడు వెనక్కి లాగితే మంట తగ్గుతుంది. గ్యాసు స్టవ్ మీద మర తిప్పినట్టే.

బొగ్గు కథ వేరు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు, 1886 నాటికి నిజాం రైలు వరంగల్ చేరింది, 1889లో తవ్వకం మొదలైంది. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చేసరికి ఊరు బొగ్గుకు అలవాటు పడింది. ఇన్ని బొగ్గు బండ్లు ఊరి మీదుగా పోతున్నా వంటింట్లోకి బొగ్గు అంత సులువుగా అడుగు పెట్టలేదు. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ, పచ్చిగా కాలిస్తే పొగ ఎక్కువ, మట్టి పొయ్యికేమో జాలీ ఉండదు. దాన్ని పొగ రాని ఇంటి ఇంధనంగా మార్చాలని హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల గాలి తగలనివ్వకుండా తక్కువ వేడిలో కాచి చూసే ప్రయోగాలు చేసింది. బొగ్గుకు చోటు ఎక్కువగా చాయ్ హోటలు భట్టీలోనే. ఇంట్లో వాడినవాళ్లు కుంపటిని వాకిట్లో అంటించి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చుకోవాల్సి వచ్చేది.

మే నెలలో నలభై రెండు డిగ్రీలు దాటే ఊళ్లో, చలిదేశాల స్టవ్‌లా ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి మాటెందుకని అడగవచ్చు. చలి ఇక్కడా ఉంది, కాకపోతే రెండు నెలలు. ఆ రెండు నెలలకు గదంతా వేడిచేయడం దండగ. అందుకని మనిషిని మాత్రం వెచ్చబెట్టారు: బాలింత మంచం దగ్గర కుంపటి, పొద్దున్నే చలిమంట, అన్నిటికీ మించి కాగులో నీళ్లు. పొంత ఉన్న పొయ్యిలో అన్నం కింద మండిన సెగే పక్క కన్నంలోంచి పోయి స్నానానికి నీళ్లు కాచేది. ఒక మంటకు రెండు పనులన్నమాట. ఎండాకాలం రాగానే వంటే పెరటి పొయ్యి మీదికి మారిపోయేది.

ఇదంతా పేదరికమే, దానికి తెలివి అని పేరు పెట్టకండి అన్నది బలమైన అభ్యంతరం. సగం ఒప్పుకోవాల్సిందే. కట్టె మోసింది, పొగ మింగింది ఆడవాళ్లు. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి ప్రాణాల మీదికి తెస్తుంది. కానీ పేదరికమొక్కటే కారణమైతే గ్యాసు రాగానే మిగతా పొయ్యిలన్నీ చల్లారాలి. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు వచ్చాయి, గ్యాసు బండ వంటింట్లో కూర్చుంది, కాగు మాత్రం పెరట్లో కదల్లేదు. పెళ్లివంటకు గాడిపొయ్యి తవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. పొగను తప్పించాలని చూసినవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధన ప్రయోగశాలలో ఎస్.పి. రాజు వరుసగా గిన్నెలు పెట్టుకునే, పొగగొట్టమున్న మట్టి పొయ్యి తయారుచేశాడు. దాని మీద ఆయన రాసిన పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. తర్వాత కేంద్రం 1980ల్లో మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం 2002లో ఆగేనాటికి దాదాపు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టామంది. వాటిలో చాలా వాటిని జనం వదిలేశారు. మనుషుల మూర్ఖత్వం అని తేల్చేస్తే పని సులువే. కానీ ఆ పొయ్యి సన్నని నోటికి బారెడు పత్తికట్టెను విరిచి పెట్టాలి, గొట్టంలో మసి దులపాలి, రెండో కన్నం మీద గిన్నె లేకపోతే సెగ వృథా. దాన్ని గీసినవాళ్లు ఒక ఇంధనాన్నీ ఒక వంటనూ ఊహించుకున్నారు. వాడే మనిషి చేతికి నెలకో ఇంధనం, పూటకో వంట. నోరు పెద్దది చేసి అలుక్కుంటే గాలి లెక్క తప్పేది.

పొట్టు పొయ్యిని ఇంట్లోంచి పంపించింది కూడా గ్యాసొక్కటే కాదు. ఒకప్పుడు మిల్లు వెనక కుప్పపోసిన ఉనుకను ఇప్పుడు బాయిలర్లు, ఇటుక బట్టీలు, కరెంటు ప్లాంట్లు కొంటున్నాయి. ధర పలికాక అది పెరటిదాకా రావడం మానేసింది. పత్తికట్టెకు అంతటి ధర ఇంకా రాలేదు. ఏరడం అయిపోయాక చాలా చేన్లలో దాన్ని పీకి, గట్టు దగ్గర కుప్పేసి, అక్కడే తగలబెడుతున్నారు. దాంట్లోంచి ఒకటి రెండు మోపులు ఇంటికొచ్చి గోడవార నిలబడతాయి, తెల్లవారుజామున కాగు కిందికి.